నీరు లేని నది

అమెరికా విశ్వవిద్యాలయములలో సివిల్ ఇంజనీరింగు చదువు విద్యార్థులకు ఏటేట ఒక పోటీ జరుగును. విద్యార్థులు తామే లెక్కలు కట్టి, తామే కోసి, తామే వెల్డింగు చేసి తెచ్చిన ఉక్కు భాగములను, గడియారము నడుచుచుండగా, అందఱి యెదుట ఒక వంతెనగా కూర్చి నిలువబెట్టవలెను. 1987లో మిచిగన్ రాష్ట్రమునందు మూడు విశ్వవిద్యాలయముల నడుమ మొదలై, 1992లో మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయమున జాతీయస్థాయి నందుకొన్న ఈ పోటీని అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్టీల్ కన్‌స్ట్రక్షన్ అను సంస్థ నడపుచున్నది. వంతెన పొడవు ఇంచుమించు 20 అడుగులు. అసలు వంతెనలో పదవ వంతని భావన. దానిని కట్టు చోటు ఒక వ్యాయామశాల నేలయో, విశాలమైన హాలో అయి యుండును. ఆ నేలపై రంగు టేపు అంటించి, ఈ గీతకును ఆ గీతకును నడుమనున్నది నది యని నియమావళి శాసించును. అందులో చుక్క నీరు లేదు; లోతు లేదు; ప్రవాహము లేదు. ఐనను కట్టువారిలో ఒకని మడమ గీత దాటి లోపల ఆనినచో న్యాయనిర్ణేత చేతి కాగితముపై ఒక గుర్తు పడును. చెమట పట్టిన వ్రేళ్లనుండి జాఱిన నట్టు నేలను తాకి ఖంగుమన్నను గుర్తు పడును. ఆ గుర్తులన్నియు అదనపు కాలముగా మాఱి, నిర్మాణమునకు పట్టిన నిమిషములతో కలిసిపోవును.

నీరు లేని నదిలో కాలు పెట్టుట దోషమెట్లగును? ఈ ప్రశ్న పైకి ఆటకు సంబంధించినదిగా తోచును గాని, కొంచెము నిలిచి చూచినచో ధర్మవిచారమంతయు దీని చుట్టునే తిరుగుచున్నదని తెలియును. గీత గీసినవాడు దేవుడు కాడు. ఒక సంఘములోని కొందఱు మనుష్యులు. గీతకు ప్రకృతిలో ఆధారము లేదు. దాటిన కాలు తడియదు. ఆ సంఘమువారే మఱుసటి ఏడు ఆ గీతను వేఱొకచోటికి జరుపుదురు. అట్టిచో చేయరాదను ఆ మాటకు బలము ఎచ్చటినుండి వచ్చినది?

శిక్ష వలన వచ్చినదని చార్వాకుడు చెప్పును. ఈ సమాధానము సులభమైనదే కాని నిలువదు. శిక్షయే నియమమునకు ప్రాణమైనచో అది నియమము కాదు, ధర. ఇంత కాలము చెల్లించినవానికి నదిలో ఒక అడుగు అమ్మబడునని అర్థము. అట్లు లెక్క వేసికొని, తప్పించుకొనుటకంటె త్రొక్కుటయే చవుకయని తేల్చుకొని నదిలో నడచు జట్టును ఊహింపుడు. దానిపై మనకు కలుగు భావము, ఎక్కువ ధర పెట్టి కూర కొన్న గృహస్థునిపై కలుగు భావము వంటిది కాదు. ఏదో ఒకటి చెఱుపబడినదని మనస్సు చెప్పును. పైగా న్యాయనిర్ణేతకు రెండే కన్నులు. నలుగురు ఒక్కసారిగా వంగి బోల్టులు బిగించుచున్నపుడు ఎవని మడమ ఎచ్చట ఆనినదో ఆ మడమ గలవానికే తెలియును. చూడని తప్పు తప్పు కాదనువానికి ఈ పోటీలోనే కాదు, ఎచ్చటను ధర్మమను మాటతో పని లేదు.

మన మీమాంసకులు ఈ చిక్కును ఎంత శ్రద్ధతో విప్పిరో తలచుకొన్నప్పుడెల్ల నాకు వారిపై గౌరవము పెరుగుచుండును. యజ్ఞమునకు కావలసిన ధాన్యమునకు పొట్టు తీయవలెను. గోళ్లతో గిల్లియు తీయవచ్చును, ఱోట దంచియు తీయవచ్చును. పొట్టు ఊడుట రెండింటను సమానమే. ఐనను దంచియే తీయవలెనని విధి. లోకములో పెక్కు మార్గములున్నచోట ఒక్కదానినే పట్టుమని చెప్పునట్టి దానిని వారు నియమవిధి యనిరి. ఏల అట్లు చెప్పవలెననగా, దంచుట వలననే పుట్టు అదృష్టమైన ఫలమొకటి కలదనియు, అది లేనిచో బియ్యము సిద్ధమైనను యజ్ఞము సిద్ధము కాదనియు వారి సిద్ధాంతము.

ఆ ఉక్కు వంతెన యెదుట నిలిచి ఈ మాటను తలచినచో దాని సొగసు తెలియును. వంతెనలోని ఏ భాగమైనను మూడున్నర అడుగుల పొడవు, ఆఱంగుళముల వెడల్పు, నాలుగంగుళముల ఎత్తు గల పెట్టెలో ఇముడవలెనని పలు సంవత్సరముల నియమావళి చెప్పినది. నిడుపైన దూలములు నాలుగు తెచ్చి పఱచినచో వంతెన క్షణములో లేచును. ఉక్కు తక్కువ పట్టును, అతుకులు తగ్గును, వంగుటయు తగ్గును. అట్లు చేయరాదు. చిన్న ముక్కలు చేసి, ముక్కముక్కకు అతుకు కల్పించి, అతుకు అతుకునకు బోల్టు బిగించియే కట్టవలెను. పోటీ ముగిసిన సాయంకాలము ఆ వంతెనను విప్పి లారీలో పడవేయుదురు. దానిపై ఎవరును నడువరు, దాని క్రింద ఏ పడవయు పోదు. దృష్టఫలమనదగినది దానికి లేనే లేదు. ఫలమంతయు కట్టిన రీతిలో నున్నది. నియమమును తీసివేసినచో పని సులువగుననుకొనుట పొరపాటు. పని లేకయే పోవును. మిగులునది హాలు నేలపై అడ్డముగా పడియున్న కొంత ఉక్కు.

ఇట్లన్నంత మాత్రమున ఆ నియమములు నిర్హేతుకములని అనుకొనరాదు. పెట్టె కొలత వెనుక, కర్మాగారమునుండి నదీతీరమునకు భాగములను మోయు లారీ కలదు. వంతెన అడుగున వదలవలెనను ఖాళీ వెనుక వఱదయు పడవయు కలవు. కట్టువారి సంఖ్యను నిమిషములతో హెచ్చించి, దానిని డాలర్లుగా మార్చి నిర్మాణవ్యయమును లెక్కగట్టుదురు. ఆ డాలర్లును ఆ నదివలెనే ఊహామాత్రములు గాని, మనుష్యుని శ్రమకు విలువ కలదను సత్యము ఊహ కాదు. ఉక్కు అనగా నేమి యను ప్రశ్నకు సైతము అందు సమాధానము కలదు: పోటీ నిర్వాహకులు తెచ్చిన అయస్కాంతమునకు గట్టిగా అంటుకొను ఇనుప మిశ్రమము. లక్షణము చెప్పుటలో అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవమని మూడు దోషములను గుర్తించిన నైయాయికుడు దీనిని విన్నచో, వంటపాత్రలకు వాడు స్టెయిన్‌లెస్ స్టీలు చాలవఱకు అయస్కాంతమునకు అంటదు గనుక ఇది అవ్యాప్తియని వెంటనే ఆక్షేపించును. ఆక్షేపణ సరియైనదే. ఐనను ఆ హాలులో వివాదమును తీర్చుటకు చేతిలో పట్టదగిన ప్రమాణమొకటి కావలెను. రసాయనశాలకు పంపి వారము దినములు వేచియుండు అవకాశము లేదు. ప్రత్యక్షమునకు అందు కొలతను, అందఱికి ఒక్కటిగా నుండు కొలతను ఎన్నుకొనుట వ్యవహారధర్మము.

నియమమునకు హేతువు కలదు. హేతువు తెలియనివానిని సైతము అది కట్టుచున్నది. ఈ రెంటిని కలుపునది సంకల్పమని నా నమ్మకము. ఏకాదశినాడు ఉపవసింపుమని ఎవరును మన మెడపై కత్తి పెట్టరు. ఉపవసింపనివాడు పాపియని నేననను. కాని దేశకాలములు చెప్పుకొని, గోత్రనామములు చెప్పుకొని, నీళ్లు వదలి సంకల్పించినవాడు మధ్యాహ్నము చాటుగా ఫలహారము చేసినచో అది వ్రతభంగము. ఉదయమున లేని కట్టు మధ్యాహ్నమునకు వచ్చినది, తెచ్చినవాడును తానే. పోటీలో పేరు నమోదు చేసికొన్న విద్యార్థి అట్టి సంకల్పమునే చేసినాడు. గీత గీసినది సంఘమైనను దానిని నదిగా చేసినది అతని అంగీకారము. కనుక దానిని దాటినప్పుడు అతడు సంఘముయొక్క ఆజ్ఞనే కాదు, తన మాటను దాటుచున్నాడు.

వంతెన కట్టుటయే హద్దును అంగీకరించుటయని వాల్మీకి ఎఱుగును. యుద్ధకాండలో సముద్రుడు దారి ఇయ్యకపోగా రాముడు వింట అమ్మును సంధించెను. సముద్రమును ఎండించి వానరసేనను కాలినడకన దాటింతునని పలికిన కోపమది. అప్పుడు సముద్రుడు ముందునకు వచ్చి చెప్పిన మాటలో గొప్ప తత్త్వము కలదు: పృథివి, వాయువు, ఆకాశము, జలము, తేజస్సు తమ తమ స్వభావమునందే నిలిచి యుండుననియు, లోతుగా నుండుట తన స్వభావమనియు, కాలికి అందునట్లు తఱుగుట తనకు వికారమనియు అతడు విన్నవించెను. రాముడు ఆ మాటను మన్నించెను. సముద్రము సముద్రముగనే యుండెను. విశ్వకర్మ కుమారుడైన నలుడు దానిపై సేతువు కట్టెను. మొదటి దినమున 14 యోజనములు, తరువాత వరుసగా 20, 21, 22, 23 యోజనములు. ఐదు దినములలో నూఱు యోజనములు పూర్తియాయెను. కొండలు పెకలించి తెచ్చు ఆ కోలాహలములో సైతము కొందఱు వానరులు నూలుత్రాడులు పట్టుకొని, కొందఱు కోలలు పట్టుకొని నిలిచిరని వాల్మీకి మఱువక చెప్పినాడు. కొలత చూచుచున్న ఆ వానరులపై నాకు మక్కువ హెచ్చు. పర్వతములను బంతులవలె ఎత్తగలవారికి సూత్రముతో పనియేమి యని కవి అనుకొనలేదు.

ఈ పోటీలో నన్ను మిక్కిలి ఆలోచింపజేసిన నియమము మఱియొకటి. వంతెనపై పెట్టు భారము 2500 పౌనులు, అనగా 1100 కిలోగ్రాములకు పైమాట. మంచి వంతెనలు తమ బరువునకు పదిరెట్లకు మించిన ఆ భారమును మోయవలెను. అంతకుముందు ప్రక్కనుండి 50 పౌనుల బలముతో లాగి, ఊగిసలాట హద్దు మీఱుచున్నదేమో చూతురు. ఐతే ఆ 2500 పౌనులను వంతెన నిడివిలో ఎచ్చట మోపుదురు? కొన్ని స్థానములు నియమావళిలో ముందే వ్రాసియుండును. వానిలో ఏది యగునో పోటీనాడు పాచిక దొర్లించి నిర్ణయింతురు. నెలల తరబడి లెక్కలు కట్టి, రాత్రులు వర్క్‌షాపులో గడపి తెచ్చిన వంతెనయొక్క తలవ్రాత ఒక చిన్న పాచిక ముఖమున తేలును.

పాచిక యనగనే తెలుగు పాఠకునకు సభాపర్వము గుర్తునకు వచ్చును. అందలి జూదమునకును దీనికిని వాసి ఎక్కడనున్నదో చూడవలెను. అక్కడ పాచిక శకుని చేతిది, ఒకని కొఱకు పడునది; తన సొత్తును, తమ్ములను, తన్నును, భార్యను సైతము దానికి ఒప్పగించినవాడు ధర్మరాజు. ఇక్కడ పాచిక న్యాయనిర్ణేత చేతిది. ఒక్కసారి దొర్లిన అంకె వచ్చిన జట్లన్నింటికి సమానముగా వర్తించును. అంతకంటె ముఖ్యమైన మాట: పడదగిన అంకెలన్నియు విద్యార్థికి ముందే తెలియును. ఏది పడునో తెలియదు, ఏవి పడగలవో తెలియును. ఒక్క స్థానమును నమ్ముకొని అక్కడనే ఉక్కు దట్టించినవాడు దైవమును నమ్మినవాడు కాడు, దైవముతో పందెము కాచినవాడు. అన్ని స్థానములకు లెక్క కట్టినవానికి పాచిక అంటే భయము లేదు. కర్మ సిద్ధించుటకు అధిష్ఠానము, కర్త, కరణము, నానావిధ చేష్టలు, వీనితో ఐదవది దైవమని గీత పదునెనిమిదవ అధ్యాయమున చెప్పబడినది. దైవము ఐదింటిలో ఒకటి. ఐదును తానే కాదు. పురుషకారమునకు దైవమునకు వైరమని ఊహించి శతాబ్దముల తరబడి మనము చేసిన వాదములలో సగము, దైవమునకు ఎంత చోటు విడువవలెనో ముందు తేల్చుకొనకపోవుట వలన కలిగినవని నాకు తోచుచున్నది.

నియమములోని మాటకును దాని భావమునకును పొసగనప్పుడేమి చేయవలెను? ఇది కఠినమైన ప్రశ్న. గదాయుద్ధమున నాభికి దిగువ కొట్టరాదు. భీముడు దుర్యోధనుని తొడలు విఱుగగొట్టెను. ఇద్దఱికిని గదావిద్య చెప్పిన బలరాముడు అది చూచి ఉగ్రుడై నాగలి నెత్తెను. కృష్ణుడు భీముని ప్రతిజ్ఞను, దుర్యోధనుని పూర్వాపరాధములను ఏకరువు పెట్టి అన్నను ఆపెను గాని ఒప్పింపలేకపోయెను. బలరాముడు సమాధానపడకయే ద్వారకకు తరలిపోయెను. కథ తీరు తెలిసినవారము కనుక మన మనస్సు కృష్ణుని పక్షముననే నిలుచును. ఐనను వ్యాసుడు బలరాముని కోపమును తుడిచివేయలేదు. మన తిక్కనయు తుడువలేదు. గెలుపు ఎంత న్యాయమైనదైనను, దెబ్బ అన్యాయమైనదని చెప్పుటకు ఒక్కడు ఉండవలెనని వారి తీర్పు.

పోటీలో ఈ చిక్కు వేఱొక రూపమున వచ్చును. ఎంత జాగ్రత్తగా వ్రాసిన నియమావళియందైనను సందులుండును. చుఱుకైన విద్యార్థికి ఒక సందు కనబడినది; అక్షరమునకు విరుద్ధము కాదు, భావమునకు అనుకూలమును కాదు. అతడు ముందుగా సంఘమునకు వ్రాసి సందేహము తీర్చుకొనవచ్చును. వారి వివరణ సూత్రమునకు భాష్యమువలె ప్రమాణమగును. కాని ఆ వివరణ బహిరంగముగా ప్రకటింపబడును. అడిగినంతనే అతని ఉపాయము ఎల్లవారికి తెలిసిపోవును. అడుగక దాచియుంచుకొని పోటీనాడు ప్రయోగించినచో, అంగీకరింపబడిన పక్షమున గెలుపు. ఇప్పుడేమి చేయవలెను? సందును కనిపెట్టుట తప్పు కాదు, అది పాండిత్యము. దాచియుంచుటయు నియమోల్లంఘనము కాదు. ఐనను నా తీర్పు అడిగినవాని పక్షము. అడిగినవాడు నియమమును తనకును ఇతరులకును ఉమ్మడి సొత్తుగా చూచినాడు. దాచినవాడు దానిని ఎదుటివానిపై ప్రయోగించు ఆయుధముగా చూచినాడు. వంతెన కట్టు వృత్తిలో మొదటివాడే కావలెను. రెండవవానికి వేఱు వృత్తులు కలవు.

ఏల కావలెననగా, నీరుగల నదులు కలవు గనుక. కెనడాలో క్యూబెక్ నగరమునకు చేరువ సెయింట్ లారెన్స్ నదిపై ఒక మహాసేతువును కట్టుచుండిరి. నడిమి స్తంభముల మధ్య దూరము మొదట 1600 అడుగులనుకొని తరువాత 1800 అడుగులకు పెంచిరి. దూరము పెరిగినప్పుడు వంతెన స్వంత బరువును క్రొత్తగా లెక్కింపవలెను. అది ఎవరికిని తెలియని రహస్యము కాదు. పాత బరువుతోనే నెట్టుకొనివచ్చిరి. 1907 ఆగస్టు మాసమున అడుగు కమ్మీలు వంగుచున్నట్లు కొలతలలో తేలెను. అక్కడి ఇంజనీరు ఆ కొలతలు పట్టుకొని న్యూయార్కులోనున్న ప్రధాన సలహాదారు థియొడోర్ కూపర్ వద్దకు పోయెను. ఇంకను భారము మోపవద్దని కూపర్ తంతి ఇచ్చినాడు గాని అది పెన్సిల్వేనియాలోని కంపెనీకి పోయినది. నదిపై పనిచేయుచున్నవారికి సకాలమున ఆ మాట చేరలేదు. ఆగస్టు 29 సాయంకాలము, పని ముగియు వేళకు, వంతెన కొన్ని సెకనులలో కూలినది. దానిపైనున్న 86 మందిలో 75 మంది మరణించిరి. మరల కట్టుచుండగా 1916లో నడిమి భాగము ఎత్తునపుడు జాఱి నీట పడి మఱి 13 మంది పోయిరి. 1917లో పూర్తియైన ఆ వంతెన నేటికిని నిలిచియున్నది.

అక్కడ గీత దాటినవారెవరో, ఏ దినమున దాటిరో చెప్పుట కష్టము. ఏ న్యాయనిర్ణేతయు గడియారముతో ప్రక్కన నిలువలేదు. మరల లెక్కింపవలెనను నియమము టేపు గీతవలెనే నిశ్శబ్దముగా నుండెను. త్రొక్కినవాని కాలు ఆ దినమున తడియలేదు. ఏండ్లు గడచిన తరువాత వేఱెవరో మునిగిరి. నీరు లేని నదిని నదిగా చూడగలుగు శిక్షణ ఇందుకు కావలెను. ప్రమాదము కంటికి కనబడు చోట జాగ్రత్త జంతువులకును కలదు. కనబడనిచోట, మాటను బట్టి, లెక్కను బట్టి అడుగు వెనుకకు తీయుట మనుష్యునికే సాధ్యము, అదియు అభ్యాసము వలననే.

కెనడాలో ఇంజనీరింగు ముగించినవారు 1925 మొదలుకొని ఒక వ్రతకర్మవంటి సభలో బాధ్యతను స్వీకరించి, పనిచేయు చేతి చిటికెనవ్రేలికి ఇనుప ఉంగరము తొడుగుకొనుచున్నారు. ఆ కర్మకు మాటలు కూర్చినవాడు ఆంగ్లకవి కిప్లింగ్. కూలిన క్యూబెక్ వంతెన ఇనుముతోనే ఆ ఉంగరములు చేసిరను మాట ప్రచారములో నున్నది గాని అది నిజము కాదు. నిజము కానక్కఱ లేదు. గీత గీయు చేయి కాగితముపై కదలినప్పుడెల్ల ఆ ఇనుము తగులుచుండును, అది చాలును.

ఉక్కు వంతెనల నియమావళియందు అన్నింటికంటె పైనున్న నియమము ఒకటి కలదు. వేగము, తేలికదనము, బిగువు, అందము, వ్యయము అను వీనికెల్ల తారతమ్యములు, లెక్కలు, మినహాయింపులు కలవు; భద్రతకు మాత్రము లేవు. ఎవనికైనను గాయము కాగలదని తోచినంతనే న్యాయనిర్ణేత గడియారమును, పనిని ఆపును. భారము మోపునపుడు వంతెన కూలినను ఎవరిపైనను పడకుండునట్లు దాని క్రింద ముందే దిమ్మలు పేర్చియుంతురు; మోపువారు తలకు గట్టి టోపీలు, చేతులకు తొడుగులు ధరింతురు. తక్కిన నియమములన్నియు ఊహానదిని గూర్చినవి. ఇది ఒక్కటి నిజమైన దేహమును గూర్చినది. ఊహ కొఱకు దేహమును బలిపెట్టరాదని ఆ గ్రంథకర్తలు ముందే నిశ్చయించుకొనిరి. ధర్మములలో పరమధర్మమేదో తెలిసి వ్రాసిన శాస్త్రమునకు ఇది గుర్తు.

ఆ దేశమునకు చదువులకై పోవు మన తెలుగు పిల్లలలో సివిల్ ఇంజనీరింగువారికి ఒక మనవి. మీ విశ్వవిద్యాలయమున ఈ జట్టు ఉన్నచో చేరుడు. వెల్డింగు రాదని సంకోచింపకుడు, అది నేర్పుదురు. మొదట నియమావళిని ఆసాంతము చదువుడు. సందేహము తోచినచో, మీ ఉపాయము పదిమందికి తెలిసిపోవునను భయము విడిచి, ముందుగానే వ్రాసి అడుగుడు. మడమ గీత దాటినట్లు మీకే తెలిసినచో న్యాయనిర్ణేతకు మీరే చెప్పుడు.